టీమ్‌లో వారానికో పాట: చిట్టీలు తీయడం నుంచి రౌండు ముగిసేదాకా

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పాటల లింకులు పడుతూనే ఉంటాయి. తెరిచేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు బొటనవేలి బొమ్మ పెట్టి ముందుకు పోతారు. ఆరు నెలలు గడిచినా పక్క సీటులో కూర్చునే మనిషి ఏ పాట వింటూ పెరిగాడో ఎవరికీ తెలియదు. లింకు పంపడం వేరు, పాట వినిపించడం వేరు.

ఆకాశవాణి వారి వివిధ భారతి రేడియో 1957లో మొదలైంది. అందులో శ్రోతలు కోరిన పాటలు విన్నవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. పాటకు ముందు ఫలానా ఊరి నుంచి ఫలానావాళ్లు కోరారంటూ పేర్లు చదివేవారు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి పేరు చెవిన పడ్డాక పాటను ఇంకాస్త శ్రద్ధగా వినాలనిపించేది. ఆఫీసులో చేయాల్సిందీ అదే. ఒక మనిషి, ఒక పాట, వారానికి ఒకసారి, 15 నిమిషాలు. ఇక్కడ చెప్పే పద్ధతి 6 నుంచి 14 మంది ఉన్న టీమ్‌కు సరిపోతుంది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో లాగా తెలుగు, తమిళం, ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్లు కలిసి పనిచేసే టీమ్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాం. 15 మంది దాటితే రెండు గుంపులు చేయండి. లేకపోతే ఒక మనిషి వంతు మళ్లీ రావడానికి నాలుగు నెలలు పడుతుంది, ఈలోగా ఆసక్తి చల్లారిపోతుంది.

మొదలుపెట్టే ముందు

దీన్ని హెచ్‌ఆర్ మెయిల్‌తో మొదలుపెట్టొద్దు. మెయిల్ వచ్చిందంటే అది తప్పనిసరి కార్యక్రమం అయిపోతుంది, జనం హాజరు వేయించుకోవడానికి వస్తారు. టీ తాగేటప్పుడు ఒక్కొక్కరినీ విడిగా అడగండి: "వారానికోసారి ఒకరి పాట అందరం కూర్చుని విందామనుకుంటున్నాం, మీరూ ఉంటారా?" నలుగురు సరేనంటే మొదలుపెట్టడానికి చాలు. రానన్నవాళ్లను కారణం అడగకండి. మతపరమైన నియమం వల్ల కొందరు సంగీతం వినరు. ఇంట్లో ఎవరైనా పోయి ఏడాది తిరగనివాళ్లు పాటలకు దూరంగా ఉండొచ్చు. ఇష్టం లేకపోవడం కూడా తగిన కారణమే.

రోజు విషయంలో బుధవారం లేదా గురువారం మంచిది. సోమవారం అందరి తలలో పని ఉంటుంది. శుక్రవారం సగం మంది ఇంటి నుంచి పనిచేస్తారు, లేదా ఊరి బస్సు కోసం త్వరగా బయలుదేరతారు. అమెరికా క్లయింట్లతో పనిచేసే టీములకు సాయంత్రం 4 గంటలు సరైన సమయం. భోజనం తర్వాతి మత్తు వదిలి ఉంటుంది, రాత్రి కాల్స్ ఇంకా మొదలై ఉండవు. క్యాలెండర్‌లో 15 నిమిషాలే పెట్టండి. అరగంట పెడితే మిగిలిన సమయంలోకి పని మాటలు వచ్చేస్తాయి.

నడిపించే మనిషి ఒకరు కావాలి. ఆ బాధ్యత మూడు నెలలకు మించి ఒకరి మీదే ఉండకూడదు. ఇలాంటివి ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే: నడిపించే మనిషి సెలవు పెట్టిన వారం కార్యక్రమం జరగదు, వరసగా రెండు వారాలు జరగకపోతే మళ్లీ ఎవరూ పూనుకోరు.

వంతులకు చిట్టీలు తీయండి. అందరి వంతూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు. ఒక్క సవరణ మాత్రం చేసుకోండి. మేనేజర్ చిట్టీ మొదటగా వస్తే దాన్ని మూడో నాలుగో వారానికి మార్చండి. మేనేజరే మొదలుపెడితే తర్వాతివాళ్లు ఆయనకు నచ్చే రకం పాటలే వెతుక్కుంటారు. అలాగని మేనేజర్ అసలు వంతు తీసుకోకుండా కూర్చుని వింటూ ఉంటే మిగతావాళ్లకు అది పరీక్షలా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం వంతు ఇవ్వకండి. రెండు మూడు సార్లు చూశాక వాళ్లే అడుగుతారు.

పాట కార్డు

మొత్తం పద్ధతిలో శ్రద్ధ ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. వంతు వచ్చినవాళ్లు ఒక రోజు ముందు ఒక చిన్న కార్డు రాసి గ్రూపులో పెట్టాలి. ఫోనులో టైప్ చేసినా సరే, కాగితం మీద రాసి ఫొటో తీసినా సరే. అందులో ఉండాల్సినవి: పాట మొదటి మాటలు, భాష, పాడినవాళ్లు, స్వరపరిచినవాళ్లు, రాసినవాళ్లు, సంవత్సరం, నిడివి, లింకు. వీటి కింద 60 నుంచి 80 మాటల్లో "ఈ పాట నాకెందుకు" అన్న సంగతి.

పేర్ల దగ్గర జాగ్రత్త. స్ట్రీమింగ్ యాప్‌లలో తెలుగు పాటల కింద చాలాసార్లు సంగీత దర్శకుడి పేరే ముందు కనిపిస్తుంది, గీత రచయిత పేరు కనిపించదు. ఆడియో కంపెనీ సొంత యూట్యూబ్ ఛానల్‌లో వీడియో కింద ఉండే వివరాల్లో రచయిత పేరు సాధారణంగా దొరుకుతుంది. సంవత్సరం కూడా ఇలాగే మోసం చేస్తుంది. పాత పాటను ఏదో సంకలనంలో మళ్లీ విడుదల చేస్తే యాప్ ఆ సంకలనం వచ్చిన ఏడాదిని చూపిస్తుంది. దాంతో 1960ల నాటి పాట మొన్న వచ్చినట్టు కనిపిస్తుంది. జానపదమైతే పాడినవాళ్ల పేరుతో పాటు ఏ ప్రాంతంలో పాడతారో, ఏ పని చేస్తూ పాడతారో రాయండి. నాట్ల పాటా, బతుకమ్మ పాటా, పెళ్లిలో అప్పగింతల పాటా అన్నది తెలిస్తే వినే చెవి మారిపోతుంది.

"నాకెందుకు" అన్న భాగం రాయడానికి చాలామంది తడబడతారు. "ఈ పాటంటే చాలా ఇష్టం, మెలోడీ బావుంటుంది" అని రాస్తారు. దానివల్ల మనిషి గురించి ఏమీ తెలియదు. ఇలా రాయొద్దని చెప్పడం కంటే మూడు ప్రశ్నలు ఇవ్వడం మేలు. ఈ పాట మొదట ఎక్కడ విన్నారు? అప్పుడు పక్కన ఎవరున్నారు? ఇప్పుడు ఎప్పుడు వింటారు? ఈ మూడింటికీ ఒక్కో వాక్యం రాస్తే కార్డు నిండిపోతుంది. "నాన్న లారీలో టేపు రికార్డరు ఉండేది, నల్గొండ దాటేసరికి ఈ పాట రెండో వైపు వచ్చేది" అని ఒకరు రాస్తే ఆ మనిషితో మాట కలపడానికి మర్నాడు పదిమందికి దారి దొరుకుతుంది. అయితే సొంత బాధలు బయటపెట్టాలన్న ఒత్తిడి ఎవరి మీదా ఉండకూడదు. "బస్సులో నిద్ర రాకుండా వింటాను" అన్నదీ నిండు జవాబే.

పాట టీమ్‌లో అందరికీ తెలిసిన భాషలో లేకపోతే కార్డులో అర్థం కూడా ఉండాలి. మొత్తం పాటను వరసగా అనువదించకండి, ఎవరూ చదవరు. పల్లవి అర్థం రెండు వాక్యాల్లో, మీకు బాగా తగిలిన ఒక చరణంలోని ఒక్క పాదం అర్థం ఇంకో వాక్యంలో చెప్పండి. యాస మాటలుంటే వాటిని విడిగా విప్పండి. ఉత్తరాంధ్ర పాటలో మాట రాయలసీమవాళ్లకు కొత్త కావచ్చు.

లింకు విషయానికొస్తే, ఒకరికి స్పాటిఫై, ఒకరికి జియోసావన్, ఇంకొకరికి యాపిల్ మ్యూజిక్ ఉంటుంది. అందరికీ తెరుచుకునేది యూట్యూబ్ లింకే. ఆడియో కంపెనీ లేదా గాయకుల సొంత ఛానల్ నుంచి తీసుకోండి. ఎవరో ఎక్కించిన కాపీలు ఎప్పుడు తీసేస్తారో తెలియదు. కొన్నిటిలో శృతి, వేగం కూడా మార్చి ఉంటాయి.

గదిలో వినిపించడం

తలుపు మూసుకునే మీటింగ్ గది తీసుకోండి. 10, 12 మంది పట్టే గదికి 10 నుంచి 20 వాట్ల బ్లూటూత్ స్పీకర్ చాలు. దాన్ని గది మూలలోనో గోడకు ఆనించో పెడితే మృదంగం, డోలు, బేస్ గిటార్ శబ్దం ఉబ్బి మాటలను మింగేస్తుంది. బల్ల మధ్యలో, కింద ఒక పుస్తకం వేసి పెట్టండి. స్పీకర్‌ను నేరుగా బల్ల మీద పెడితే చెక్క కూడా దానితో పాటు అదురుతుంది.

శబ్దం ఎంత ఉండాలి? మామూలు సంభాషణ దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. పాట కుర్చీ దగ్గర 65 నుంచి 70 ఉంటే హాయిగా ఉంటుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉజ్జాయింపుగా చూపిస్తుంది, ఈ పనికి అది సరిపోతుంది. ఒకరిని తలుపు బయట నిలబెట్టండి. బయట మాటలు స్పష్టంగా వినిపిస్తే తగ్గించాలి.

అయిదు నిమిషాల ముందు చూసుకోవాల్సినవి ఇవి. స్పీకర్ ఎవరి ఫోనుకో, పక్క గదిలోని ల్యాప్‌టాప్‌కో అతుక్కుని ఉందేమో చూడండి. వినిపించే ఫోనులో డు నాట్ డిస్టర్బ్ వేయండి. చరణం మధ్యలో బ్యాంకు మెసేజ్ మోగితే ఆ పాట అక్కడితో చెడినట్టే. యూట్యూబ్ ఉచిత ఖాతా అయితే ముందే ప్లే చేసి, ప్రకటన దాటించి, పాట మొదట్లో ఆపి ఉంచండి. కంపెనీ నెట్‌వర్క్‌లో చాలాచోట్ల స్ట్రీమింగ్ సైట్లు తెరుచుకోవు. ఫోను డేటా వాడుకోవడం సులువు. సెకనుకు 160 కిలోబిట్ల నాణ్యతతో అయిదు నిమిషాల పాటకు 6 ఎంబీ మాత్రమే ఖర్చవుతుంది. ఉచితంగా ఎంపీ3లు ఇచ్చే సైట్లను మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరవకండి. పాటతో పాటు వైరస్ వచ్చిందంటే ఐటీ విభాగం ఈ కార్యక్రమాన్నే ఆపించేస్తుంది.

పాట సాగుతున్నంతసేపూ మాటలు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వద్దు. మొదటి వారం ఇది ఇబ్బందిగా ఉంటుంది. అయిదు నిమిషాలు చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం అలవాటు తప్పింది కదా. మూడో వారానికి ఆ ఇబ్బంది పోతుంది. పాటను మధ్యలో కట్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. పాట 7 నిమిషాలు దాటితే ఏ చోటి నుంచి ఏ చోటి దాకా అన్నది వంతు వచ్చినవాళ్లే ముందుగా నిర్ణయించుకోవాలి. కచేరీ కృతి అయితే రాగాలాపన వదిలి పల్లవి దగ్గర మొదలుపెట్టొచ్చు.

ఇంటి నుంచి చేరేవాళ్లకు

ఎక్కువగా చెడేది ఇక్కడే. గదిలో స్పీకర్ పెట్టి, ఆ శబ్దం ల్యాప్‌టాప్ మైకు ద్వారా అవతలివాళ్లకు వెళ్తుందని అనుకుంటారు. మీటింగ్ సాఫ్ట్‌వేర్ మాటను ఉంచి మిగతాదంతా రొద కింద లెక్కగట్టి కోసేస్తుంది. తంబురా శృతి ఫ్యాన్ చప్పుడులా ఒకే తీరున మోగుతుంది కాబట్టి అది పూర్తిగా మాయమవుతుంది. వీణ మీటు తర్వాత మిగిలే నాదం తెగిపోతుంది. పాట నీళ్లలో మునిగి తేలుతున్నట్టు ఉంటుంది.

అందుకే మైకు ద్వారా కాకుండా కంప్యూటర్ శబ్దాన్నే పంపాలి. జూమ్‌లో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు "షేర్ సౌండ్" గడిలో టిక్కు పెట్టండి. టీమ్స్‌లో షేర్ చేసేచోట కంప్యూటర్ శబ్దాన్ని కలిపే మీట ఉంటుంది, దాన్ని వేయండి. గూగుల్ మీట్‌లో క్రోమ్ ట్యాబ్‌ను ఎంచుకుని ట్యాబ్ ఆడియో వేయండి. మిగతా అందరూ మైకులు ఆపేయాలి. ఒక్కరి మైకు తెరిచి ఉన్నా పాట ప్రతిధ్వనిస్తుంది.

నెట్ సరిగ్గా లేకపోతే ఇంకో దారి ఉంది. కార్డులోని లింకును ఎవరి ఫోనులో వాళ్లు తెరిచి, ఒకరు మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి ప్లే నొక్కడం. రెండు సెకన్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు, ఆ సమయంలో ఎవరూ మాట్లాడరు కాబట్టి. శబ్దం నాణ్యత కూడా దీనిలోనే బావుంటుంది. ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉన్న టీములు ఈ పద్ధతినే ఎంచుకోవడం మంచిది.

విన్న తర్వాత

పాట అయిపోగానే కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడకండి. ఆ తర్వాత "నచ్చిందా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఆఫీసులో ఒకటే జవాబు వస్తుంది, "సూపర్" అని. దాంతో మాట అక్కడే ఆగిపోతుంది. "మీ చెవి ఎక్కడ ఆగింది?" అని అడగండి. ఒకరు రెండో చరణానికి ముందు వచ్చే వేణువు అంటారు, ఒకరు గాయని ఊపిరి తీసుకున్న చోటు అంటారు, భాష రానివాళ్లు కోరస్ అంటారు. సంగీతం తెలియకపోయినా ఈ ప్రశ్నకు అందరూ జవాబు చెప్పగలరు. పాట తెచ్చినవాళ్లు చివరగా మాట్లాడాలి. ముందే మాట్లాడితే మిగతావాళ్లు వాళ్లతో ఏకీభవించడానికే చూస్తారు.

తెలుగువాళ్ల మధ్య ఒక నియమం గట్టిగా పెట్టుకోవాలి: హీరో పేరు ఎత్తకూడదు. సినిమా పాట వచ్చిందంటే మాట రెండు నిమిషాల్లో హీరోల మీదికి, ఓపెనింగ్స్ మీదికి, రికార్డుల మీదికి వెళ్తుంది. అక్కడి నుంచి అభిమానుల తగువు ఎంతో దూరంలో ఉండదు. టీమ్‌లో ఉన్న తమిళ, బెంగాలీ స్నేహితులు ఆ పది నిమిషాలూ గోడ చూస్తూ కూర్చుంటారు. పాడినవాళ్ల గురించి, రాసినవాళ్ల గురించి, వాయించినవాళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోండి. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ, ఇది లేక ఆగిపోయే గుంపులు చాలా ఉంటాయి.

యాసను వెక్కిరించడం, "ఇదేం పాటండీ" అనడం, ఏ పాట గొప్పదని ఓటింగ్ పెట్టడం, ఇవేవీ వద్దు. ఓటింగ్ పెట్టిన మరుక్షణం జనం తమ పాట మానేసి గెలిచే పాట తెస్తారు.

ఏ పాట తేవచ్చు

భక్తి పాట తేవచ్చు. అన్నమయ్య సంకీర్తన, క్రైస్తవ గీతం, ఖవ్వాలీ, పీర్ల పండుగ పాట, ఏదైనా. మాట పాట గురించే సాగాలి, మతం గురించి కాదు. పార్టీ ప్రచార పాటలు, కులాన్ని పొగిడేవి గానీ తిట్టేవి గానీ, ఆడవాళ్లను చులకన చేసే సాహిత్యం ఉన్నవి వద్దు. తెలుగు పాటలకు యాప్‌లలో హెచ్చరిక గుర్తు చాలాసార్లు ఉండదు కాబట్టి దాన్ని నమ్ముకోకండి. పల్లవి బాగానే ఉండి రెండో చరణంలో ఇబ్బంది పెట్టే పాటలున్నాయి. తెచ్చేవాళ్లు మాటలు వింటూ చివరిదాకా ఒకసారి వినడం తప్పనిసరి.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్నచోట వరసగా తెలుగు పాటలే వచ్చేస్తాయి. ఒకే భాష పాట రెండు వారాలకు మించి వరసగా రాకుండా వంతులు సర్దండి. అంత్యాక్షరి ఏడాదికోసారి సరదాగా బావుంటుంది, కానీ దీనికి బదులుగా పనికిరాదు. అందులో గొంతు పెద్దగా ఉన్నవాళ్లూ సినిమా పాటలు కంఠతా వచ్చినవాళ్లే ఆడతారు.

హౌస్‌కీపింగ్ అక్కలను, సెక్యూరిటీ అన్నలను, ప్యాంట్రీలో పనిచేసేవాళ్లను కూడా పిలవండి. వాళ్లు సాధారణంగా కాంట్రాక్టరు కింద ఉంటారు. ఆ 15 నిమిషాలకు వాళ్ల సూపర్‌వైజర్ దగ్గర ముందే మాట తీసుకోకపోతే తర్వాత చీవాట్లు వాళ్లకే పడతాయి. కార్డు రాయడం కష్టమైతే నోటితో చెబితే ఇంకొకరు రాసిపెట్టొచ్చు. వాళ్లనూ అందరిలాగే పాట తెమ్మని అడగండి. లేచి పాడమని బలవంతపెట్టకండి, వీడియోలు తీయకండి. వినికిడి తక్కువగా ఉన్నవాళ్లుంటే పాట సాహిత్యం పెద్ద అక్షరాల్లో ముద్రించి ముందే ఇవ్వండి, స్పీకర్‌కు దగ్గరి కుర్చీ వాళ్లకు ఉంచండి.

ఫ్లోర్ మీద పాటలు పెట్టొచ్చా?

పని జరుగుతున్న ఫ్లోర్ మీద స్పీకర్ పెట్టకపోవడమే మంచిది. చదువుతూ, రాస్తూ ఉన్నప్పుడు తెలిసిన భాషలో పాట మాటలు వినిపిస్తే తలలో రెండు మాటలు పోటీ పడతాయి. ఫోన్ కాల్స్ తీసుకునేవాళ్ల మైకుల్లోకి కూడా పాట దూరుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగును ప్రజలకు వినిపించే హక్కు దాని యజమానులది. స్పాటిఫై లాంటి యాప్‌ల వ్యక్తిగత ఖాతాలు సొంత వాడకానికి ఇచ్చినవే. క్యాంటీన్‌లో రోజంతా పాటలు పెట్టాలన్నా, వార్షికోత్సవంలో వాడాలన్నా అడ్మిన్, లీగల్ విభాగాలకు ముందే చెప్పండి. హక్కుదారుల తరఫున రికార్డింగులకు పీపీఎల్ అనే సంస్థ, సాహిత్య సంగీతాలకు 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ లైసెన్సులు ఇస్తాయి. గదిలో కూర్చునే ఈ చిన్న గుంపు గురించి కూడా మీ లీగల్ విభాగాన్ని ఒక మాట అడిగి ఉంచుకోండి. పాట వినిపిస్తున్న మీటింగును రికార్డు చేయకండి. ఆ వీడియోను తర్వాత కంపెనీ యూట్యూబ్ ఛానల్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువ.

జాబితా దాచుకోవడం

పాటలన్నీ ఒక షీటులో రాయండి. వారం, తెచ్చిన మనిషి, పాట, పేర్లు, సంవత్సరం, లింకు, కార్డులోని మాటలు, ఈ ఏడు గడులు చాలు. ప్లేలిస్టు ఒక్కటే నమ్ముకుంటే రెండు చిక్కులున్నాయి. ఆడియో కంపెనీకీ యాప్‌కూ ఒప్పందం ముగిస్తే పాట ప్లేలిస్టులో బూడిద రంగులోకి మారి మోగదు. అందరూ చేర్చగలిగే ప్లేలిస్టులో అందరూ తీసేయనూ గలరు, పొరపాటున వేలు తగిలినా పాట పోతుంది. చేర్చే పని నడిపించే మనిషికే వదలండి. రౌండుకో కొత్త ప్లేలిస్టు తెరవండి. 10, 12 పాటలంటే దాదాపు గంట. ఇంటికెళ్లే క్యాబ్‌లో మొత్తం వినేయొచ్చు. 80 పాటల ప్లేలిస్టు ఎవరూ తెరవరు.

ఆరో ఏడో వారానికి జనం తగ్గుతారు, ఏ టీమ్‌లోనైనా. సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని ఒత్తిడి వల్లనైతే ఒక వారం ఆపి, మళ్లీ ఎప్పుడో ఆ రోజే తేదీ చెప్పండి. 15 నిమిషాలు 25 అవుతూ ఉంటే గడియారం చూసే పని ఒకరికి అప్పగించండి. కార్డులు రావడం మానేస్తే ముందు రోజు మధ్యాహ్నం వంతు మనిషి దగ్గరికి వెళ్లి ఆ మూడు ప్రశ్నలూ నోటితో అడిగి మీరే రాసిపెట్టండి. పాటలన్నీ ఒకే రకంగా వస్తున్నాయనిపిస్తే ఒక వారం "ఎవరి పాట?" ఆడండి. అందరి దగ్గరా గుట్టుగా ఒక్కో లింకు తీసుకుని, 8 పాటల్ని 45 సెకన్ల చొప్పున వినిపించాలి, ఎవరిదో అందరూ చీటీ మీద రాయాలి. మొత్తం ఆరు నిమిషాల పాట, మిగతాది నవ్వులు. గంభీరంగా కనిపించే మనిషిది తీన్‌మార్ డప్పు అని తేలడం ఇందులో మామూలే.

రౌండు ముగిసిన వారం కొత్త పాట వద్దు. షీటు తెరిచి, ఒక్కొక్కరూ ఇంకొకరు తెచ్చిన పాటల్లో తాము మళ్లీ విన్నది ఏదో చెప్పాలి. ఎవరూ మళ్లీ వినని పాటలు కొన్ని మిగులుతాయి. వాటిని తెచ్చినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా నడిపించే మనిషే అందులోంచి ఒకటి ఎంచి ఆ రోజు వినిపించాలి. తర్వాత పాత చిట్టీలు చించేసి కొత్తవి రాయండి, టీమ్ వదిలి వెళ్లినవాళ్ల పేర్లు తీసి, కొత్తగా వచ్చినవాళ్లవి కలిపి.